మీ నాన్నకు ఊలు టోపీ

కందుకూరు

చిరంజీవి భార్గవికి అత్తయ్య ఆశీస్సులు.

ఈ చలికాలం మీ నాన్నకు నీ చేత్తో ఊలు టోపీ అల్లి ఇవ్వాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫోటో కూడా చూశాను. నడినెత్తిన గుప్పెడు కుచ్చు, చెవుల పక్కన వేలాడే జడలు, చుట్టూ మూడు రంగుల పువ్వులు. ముచ్చటగానే ఉంది. కానీ అది మీ నాన్న పెట్టుకునే టోపీ కాదు, నువ్వు మొదట అల్లవలసిన టోపీ అంతకన్నా కాదు.

ఎవరి తల మీదికి వెళుతుందో ముందు ఆలోచించు. మా తమ్ముడు అర్ధరాత్రి దాటాక లేచి రొయ్యల గుంట మీదికి వెళ్ళే మనిషి. నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గిపోయేది తెల్లవారుజామునే కాబట్టి, ఊరంతా దుప్పట్లో ఉన్న వేళ ఆయన గట్టు మీద ఉంటాడు. తలకు టార్చి పట్టీ బిగించుకుంటాడు. నెత్తిన కుచ్చు ఉంటే ఆ పట్టీ ఎక్కడ నిలుస్తుంది? పైగా ఆయన చెవులు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు మీదే ఉంటాయి. ఒక్క మోటారు ఆగినా వెంటనే తెలియాలి. బజారులో కొన్న మంకీ టోపీ ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంటుందని మీ అమ్మ ఎప్పుడూ సణుగుతుంది కదా, కారణం అదే. మెడ దాకా మూసేస్తే ఆయనకు ఏమీ వినిపించదు, ఫోను ఎత్తాలన్నా టోపీ ఊడదీయాలి.

అందుకని ఆయనకు కావలసింది ఇది: పలుచటి, ఒకే పొర టోపీ. కింద వెడల్పాటి సాగే పట్టీ. దాన్ని మడిచి పెట్టుకుంటే చెవులు కప్పుతుంది, వినవలసి వచ్చినప్పుడు ఒక వేలు పైకి నెడితే చెవి బయటపడుతుంది. కుచ్చు వద్దు, పువ్వులు వద్దు, ఒకటే రంగు. మన కోస్తాలో పుష్యమాసంలో కూడా రాత్రి చలి 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆయనను ఇబ్బంది పెట్టేది చలి కన్నా ఆ తడిగాలి. సిమ్లా మనుషుల కోసం రాసిన లెక్కలతో లావు ఊలు తెచ్చి అల్లావంటే అరగంటలో నెత్తి చెమట పట్టి, అదీ మంకీ టోపీ పక్కన మేకుకే చేరుతుంది.

ఇక ఊలు సంగతి. నెల్లూరు గొర్రెలున్న జిల్లాలో ఊలుకు కొదవేమిటని నువ్వు అనుకుంటావేమో. మన నెల్లూరు జాతి గొర్రె దేశంలోకెల్లా పొడుగరి, పేరున్న జాతి. కానీ దాని ఒంటి మీద ఉండేది ఉన్ని కాదు, పొట్టి వెంట్రుక. తెల్లటి పల్ల అయినా, కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి అయినా, గోధుమ రంగు డోర అయినా అంతే. మన ఎండకు తట్టుకునేందుకు అదే దానికి మేలు. మాంసం కోసమే పెంచుతారు తప్ప, దారం వడకడానికి పనికిరాదు. గొంగళి నేసే ఉన్ని దక్కనీ గొర్రెది. అది నుదుటికి తగిలితే మీ నాన్న మరుక్షణం తీసి విసిరేస్తాడు. మనకు కొట్లలో దొరికే ఊలు ఉండలు ఎక్కువగా లూధియానా నుంచి వచ్చేవి. వాటిలో చాలా వాటికి పేరులోనే ఊలు, లోపలంతా యాక్రిలిక్. అదేమీ తప్పు కాదు, తెలిసి కొంటే చాలు.

నన్నడిగితే మొదటి టోపీకి మెత్తటి యాక్రిలిక్ గానీ, యాక్రిలిక్ ఎక్కువ, ఊలు తక్కువ కలిసిన దారం గానీ తీసుకో. అసలు ఊలు తడిగాలిలో కూడా వెచ్చదనం పోనివ్వదు. ఆ గుణం దేనికీ రాదు. కానీ మీ ఇంట్లో బట్టలు ఉతికే తీరు నాకు తెలుసు. వేడినీళ్ళలో పడేసి రెండు చేతులా రుద్దితే అసలు ఊలు ముడుచుకుని గడ్డకట్టి, పెద్దవాళ్ళ టోపీ పసిపిల్లల టోపీ అవుతుంది. నూలు దారంతో మాత్రం వద్దు. మెడకు, నుదుటికి హాయిగానే ఉంటుంది కానీ దానికి సాగి మళ్ళీ దగ్గరికి వచ్చే గుణం లేదు. వారం తిరిగేసరికి టోపీ కళ్ళ మీదికి జారుతుంది.

రంగు విషయంలో నీకు ఒక హెచ్చరిక. నలుపు, ముదురు నీలం కొనకు. బురద కనిపించదని మీ అమ్మ అవే కొనమంటుంది. ముదురు దారం మీద కుట్లు కనపడవు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అది శిక్ష. లేత బూడిద రంగో, గోధుమ రంగో తీసుకో. నూగు నూగుగా వెంట్రుకలు లేచే దారం కూడా వద్దు, ఎక్కడ కుట్టు ఉందో ఎక్కడ నూగు ఉందో తేలదు. ఒక టోపీకి 100 గ్రాములు బాగా సరిపోతుంది, ముందుగా అల్లి చూసుకునే నమూనా ముక్కకు కూడా మిగులుతుంది. 50 గ్రాముల ఉండలైతే రెండింటి లేబుల్ మీదా రంగు లాట్ నంబరు ఒకటేనా అని చూసి కొను. లాట్ మారితే అదే రంగు పగటి వెలుతురులో రెండు రంగులుగా కనిపిస్తుంది.

దారం మందం ఎలా చూడాలో చెబుతాను. దారంలో ఎన్ని పోగులున్నాయో చెప్పే ప్లై నంబరును నమ్మకు. ఒక కంపెనీ 4 ప్లైకి, ఇంకో కంపెనీ 4 ప్లైకి మందంలో పొంతన ఉండదు. లేబుల్ మీద 4 మిల్లీమీటర్ల సూది వాడమని ఉంటే అది మనకు కావలసిన దారం. ఆ ముక్క లేకపోతే స్కేలు మీద దారాన్ని బిగించకుండా పక్కపక్కన చుట్టి చూడు. అంగుళానికి 11 నుంచి 14 చుట్లు వస్తే తీసుకోవచ్చు. 8 చుట్లే వచ్చిందంటే అది సిమ్లా దారం, అక్కడే వదిలెయ్.

సూదుల దగ్గర చాలామంది పొరబడతారు. మన కొట్లలో సూదులకు ఇంకా పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తున్నాయి. ఆ లెక్కలో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25. నువ్వు చూసే వీడియోల్లో చాలా వాటిలో చెప్పేది అమెరికా నంబరు. అక్కడ నంబరు పెరిగితే సూది లావు అవుతుంది, వాళ్ళ 8 నంబరు 5 మిల్లీమీటర్లు. కాబట్టి కొట్లో నంబరు చెప్పకు, మిల్లీమీటర్లు చెప్పు, సూది తల మీద చూసుకుని మరీ తెచ్చుకో. 4 మిల్లీమీటర్లవి, 14 అంగుళాల పొడవువి, ఒక జత. స్టీలు లేదా అల్యూమినియం సూదుల మీద కుట్లు జారిపోతుంటే వెదురు సూదులు దొరుకుతాయేమో అడుగు, కొత్త చేతికి అవి మేలు. గుండ్రంగా అల్లే వైరు సూదులు ఇప్పుడు వద్దు. బల్లపరుపుగా అల్లి చివర్లో వెనక ఒక కుట్టు వేసి కలిపేద్దాం. నెల్లూరు చిన్నబజారు వైపు వెళ్ళినప్పుడు ఫ్యాన్సీ కొట్లలో అడిగి చూడు. మా కందుకూరు వాళ్ళం, 1970లో మమ్మల్ని ఒంగోలు జిల్లాలో కలిపినా, 2022లో తిరిగి నెల్లూరులో చేర్చినా, మంచి ఊలు కావాలంటే ఎప్పుడూ బస్సెక్కవలసిన వాళ్ళమే. నీకు ఆ బాధ లేదు. వీటితో పాటు మొద్దు మొన ఉన్న ఊలు సూది ఒకటి, బట్టలు కొలిచే టేపు ఒకటి, ఒక క్రోషా సూది తెచ్చుకో. క్రోషా సూది అల్లడానికి కాదు, జారిన కుట్లు ఎత్తడానికి. నరసాపురం లేసు వాళ్ళు ఆ ఒక్క కొక్కెంతోనే అద్భుతాలు చేస్తారు, మనది రెండు సూదుల పని. ఒకదాని వీడియో చూసి ఇంకొకటి చేయబోకు.

ఇప్పుడు అసలు పని. టోపీ మొదలుపెట్టే ముందు రెండు కుట్లు నీ చేతికి రావాలి. నిట్, పర్ల్. స్వెట్టరైనా, శాలువా అయినా, అన్నీ ఈ రెండిటి నుంచే. నిట్ వేసేటప్పుడు దారం వెనక ఉంటుంది. కుడి సూదిని ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి పోనిచ్చి, మొనకు దారం చుట్టి, ఆ దారాన్ని కుట్టులోంచి ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూది మీది నుంచి జార్చాలి. పర్ల్ దీనికి తిరగేత. దారం ముందుకు తెచ్చుకుంటావు, సూదిని కుట్టులోకి కుడి నుంచి ఎడమకు ముందువైపే దూర్చి, దారం చుట్టి వెనక్కి తోస్తావు. కాగితం మీద చదివితే గజిబిజిగా ఉంటుంది, వీడియో పెట్టుకుని చేతులతో చెయ్. స్కూల్లో కుట్లు అల్లికలు నేర్పినన్నాళ్ళూ నేను గమనించింది ఏమిటంటే, మొదటి రోజు బిక్కమొహం వేసిన పిల్లలే వారం గడిచేసరికి మాట్లాడుతూ అల్లేవాళ్ళు.

వీడియో చెప్పని దాన్ని నేను చెబుతాను. చేతుల వంక కాదు, నువ్వు అల్లిన గుడ్డ వంక చూడటం నేర్చుకో. నిట్ కుట్టు నీ వైపు ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో కనిపిస్తుంది. పర్ల్ కుట్టు అడ్డంగా ఒక చిన్న బుడిపెలా కనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకటే కుట్టు, ముందు నుంచి చూస్తే వి, వెనక నుంచి చూస్తే బుడిపె. ఈ ఒక్క సంగతి కంటికి పట్టిందంటే నీకు లెక్కలు రాసుకునే పని సగం తగ్గుతుంది. ఎక్కడ ఆపావో, తరువాత ఏ కుట్టు వేయాలో గుడ్డే చెబుతుంది. అది పట్టనంత కాలం ఎంతమంది అత్తయ్యలు పక్కన కూర్చున్నా ప్రతి పది కుట్లకూ ఇప్పుడేం చేయాలని అడుగుతూనే ఉంటావు.

బిగువు గురించి. కొత్తవాళ్ళందరూ భయంతో దారాన్ని బిగించేస్తారు. రెండు వరుసలు అయ్యేసరికి సూది కుట్లలో దూరదు, చేతులు నొప్పి పుడతాయి. చిన్నపిల్లకు జడ వేసేటప్పుడు ఎంత బిగువు పెడతావో అంత చాలు, నొప్పి పుట్టకూడదు, ఊడిపోకూడదు. దారాన్ని చిటికెన వేలికి ఒకసారి చుట్టుకుని చూపుడు వేలి మీదుగా పోనిస్తే అదే సమంగా వస్తుంది.

నమూనా అల్లకుండా టోపీ మొదలుపెడితే నన్ను సందేహాలు అడగకు, ముందే చెబుతున్నాను. 30 కుట్లు ఎక్కించి, ముందు వైపు వరుసంతా నిట్, వెనక వైపు వరుసంతా పర్ల్ చొప్పున 12 సెంటీమీటర్ల ఎత్తు అల్లు. దాన్ని కొద్దిగా తడిపి, నీడన పరిచి ఆరబెట్టు. ఆరాక అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్ల వెడల్పున ఎన్ని వి లున్నాయో లెక్కపెట్టు. లాగి కొలవకు. పదిమంది చేతులకు అదే దారం, అదే సూది ఇస్తే పది లెక్కలు వస్తాయి. అందుకే వేరేవాళ్ళ లెక్కతో నీ టోపీ సరిపోదు.

టేపుతో మీ నాన్న తల చుట్టుకొలత తీసుకో. కనుబొమల పైన, చెవుల పైభాగాన్ని తాకుతూ వెనక గుబ్బ మీదుగా రావాలి. చెప్పకుండా ఇవ్వాలనుకుంటే మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు మీ అమ్మ చేత కొలిపించు. 56 సెంటీమీటర్ల దాకా ఉంటుందనుకుంటున్నాను, మా నాన్న తల కూడా అంతే. టోపీ మాత్రం తల కన్నా 5 నుంచి 7 సెంటీమీటర్లు తక్కువ రావాలి. అల్లిక సాగుతుంది కాబట్టి ఆ తక్కువే దాన్ని తల మీద నిలబెడుతుంది. తలకు సమానంగా అల్లిన టోపీ గాలికి ఎగిరి గుంటలో పడుతుంది.

నీ నమూనాలో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయనుకో, 110 కుట్లు ఎక్కించు. 20 వస్తే 98 చాలు. 24 వస్తే 122 కావాలి. ఈ మూడు అంకెలూ నేను ఊరికే వేయలేదు. పైన కురచ చేసేటప్పుడు 12 కుట్లకు ఒక వాటా చొప్పున విడగొడతాం, వెనక కలిపి కుట్టడానికి అటొకటి ఇటొకటి అదనం. 110 అంటే తొమ్మిది వాటాలు, పైన రెండు. 98 అంటే ఎనిమిది, 122 అంటే పది. మీ నాన్న తల 59, 60 ఉంటే నీ లెక్క కన్నా ఒక మెట్టు పైకి వెళ్ళు. మిగతా ఉత్తరంలో 110 అనుకుని రాస్తాను, నీది వేరైతే మార్చుకో.

కుట్లు ఎక్కించేటప్పుడు బొటనవేలితో వేసే పద్ధతి చాలు. దానికి ఉండ నుంచి ముందే కొంత దారం వదలాలి, ఒక బార మీద ఒక మూర వదులు. రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటి మీదికి ఎక్కించి, అయ్యాక ఒక సూది లాగెయ్. అప్పుడు అంచు వదులుగా వస్తుంది. అంచు బిగిస్తే పైన ఎంత బాగా అల్లినా నుదుటి మీద వాత పడుతుంది.

పట్టీ ఇలా వస్తుంది. మొదటి వరుసలో రెండు నిట్, రెండు పర్ల్, మళ్ళీ రెండు నిట్, రెండు పర్ల్, చివర రెండు నిట్‌తో ముగియాలి. తిప్పి పట్టుకున్నాక రెండు పర్ల్, రెండు నిట్ చొప్పున వేస్తూ చివర రెండు పర్ల్‌తో ముగుస్తుంది. ఇంతకుముందు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది: నీ ఎదురుగా వి ఉంటే నిట్, బుడిపె ఉంటే పర్ల్. నిట్ నుంచి పర్ల్‌కు వెళ్ళేటప్పుడు దారాన్ని రెండు సూదుల మధ్యనుంచి ముందుకు తేవాలి, పర్ల్ నుంచి నిట్‌కు మధ్యనుంచే వెనక్కి పంపాలి. సూది మీదుగా తెచ్చావంటే లేని కుట్టు ఒకటి పుట్టుకొస్తుంది, దాని కింద చిల్లు పడుతుంది. ఈ పట్టీ 10 సెంటీమీటర్లు అల్లు. అందులో సగం మడతకు పోతుంది. విసుగు పుట్టే భాగం ఇదే, టీవీ ముందు కూర్చుని కానిచ్చెయ్.

తరువాత మరో 10 సెంటీమీటర్లు ముందు వైపు నిట్, వెనక వైపు పర్ల్. ఇక్కడ చెప్పడానికేమీ లేదు, చేతులు వాటంతటవే వెళతాయి. ప్రతి రెండు మూడు వరుసలకూ కుట్లు లెక్కపెట్టు, 110 ఉండాలి. ఎక్కువ వస్తే నూటికి తొంభై పాళ్ళు వరుస మొదట్లో తేడా. వరుస మొదలుపెట్టేటప్పుడు దారం సూది మీదుగా వెనక్కి వెళితే మొదటి కుట్టు రెండు కాళ్ళూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది, నువ్వు రెండూ అల్లేస్తావు. మొదటి కుట్టు వేసే ముందు దారాన్ని కిందికి లాగి చూసుకుంటే ఆ బెడద ఉండదు. తక్కువ వస్తే ఎక్కడో కుట్టు జారింది. కంగారుపడి సూదులు లాగకు. జారిన చోట ఒక పిన్నీసు పెట్టి, వి లున్న వైపు నీకు ఎదురుగా తిప్పుకుని, క్రోషా సూదితో కింది కుట్టులోంచి పైనున్న అడ్డదారాన్ని ఒక్కొక్కటిగా లాక్కుంటూ పైకి రా. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ మాయమవుతుంటే భలే సరదాగా ఉంటుంది. మా క్లాసులో పిల్లలు దాని కోసమే కుట్లు జార్చుకునేవాళ్ళు.

వరుస మధ్యలో లేచి వెళ్ళకు. వెళ్ళక తప్పకపోతే, తిరిగి వచ్చాక ఉండకు అంటుకున్న దారం ఏ సూది మీద వేలాడుతుందో ఆ సూదిని కుడిచేతిలోకి తీసుకో. ఎడమచేతిలోకి తీసుకుంటే వచ్చిన దారినే వెనక్కి అల్లుతావు, ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం అవుతుంది. కొత్త ఉండ కలపవలసి వస్తే వరుస అంచులోనే కలుపు, ఆ కొసలు వెనక కుట్టులో దాగిపోతాయి.

కింది అంచు నుంచి మొత్తం 20 సెంటీమీటర్లు అయ్యాక కురచ చేయడం మొదలుపెట్టు. ముందు వైపు వరుసలో అంచున ఒక నిట్. తరువాత పది నిట్ వేసి, రెండు కుట్లలోకి ఒకేసారి సూది దూర్చి వాటిని కలిపి ఒకటిగా అల్లు. ఇలా తొమ్మిది సార్లు. చివర అంచు కుట్టు నిట్. 101 మిగలాలి. వెనక వైపు వరుసంతా పర్ల్. మళ్ళీ ముందు వైపు ఈసారి తొమ్మిది నిట్, రెండు కలిపి ఒకటి, తొమ్మిది సార్లు, 92. ఇలా ముందు వైపు వచ్చినప్పుడల్లా మధ్యలోని నిట్ కుట్లు ఒకటి చొప్పున తగ్గుతాయి, వరుస మొత్తం మీద తొమ్మిది తగ్గుతాయి. ఆఖరికి మధ్యలో ఒకటే నిట్ మిగిలిన వరుస కూడా అయ్యాక, 20 కుట్ల దగ్గర ఆగుతావు. ఒక పర్ల్ వరుస వేసి, ఆ 20ని రెండేసి చొప్పున కలిపితే 10. గుడ్డ మీద తొమ్మిది గీతలు నడినెత్తి వైపు వాలుగా వస్తూ కనిపిస్తాయి. గీత ఎక్కడైనా తప్పుకుందంటే ఆ వాటాలో లెక్క తప్పిందన్నమాట. ఆ ఒక్క వరుస విప్పి సరిచేసుకో, మీ నాన్న చూడడులే అని వదిలెయ్యకు. ఆయన చూడడు, నిజమే. నువ్వు మాత్రం ఆ టోపీ చూసినప్పుడల్లా ఆ గీతనే చూస్తావు.

దారాన్ని ఒక బార పొడవు ఉంచి కత్తిరించి, మొద్దు సూదికి ఎక్కించి, ఆ 10 కుట్లలోంచి రెండుసార్లు పోనిచ్చి గట్టిగా లాగు. నెత్తి మూసుకుంటుంది. అదే దారంతో పై నుంచి కిందికి వెనక కుట్టు వేసుకుంటూ రా. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి, నిట్ వైపు పైకి ఉంచి, అంచు కుట్టుకు లోపల ఉన్న అడ్డదారాన్ని అటొకటి ఇటొకటి ఎత్తుతూ నాలుగైదు అయ్యాక మెల్లగా లాగు. అతుకు ఎక్కడుందో నువ్వే వెతుక్కోవాలి. కింది 5 సెంటీమీటర్లకు వచ్చాక మాత్రం టోపీని తిరగేసి లోపలి వైపు నుంచి కుట్టు, ఎందుకంటే మడత వేసినప్పుడు ఆ భాగంలో లోపలిది బయటికి వస్తుంది. చాలామంది ఇది మరిచిపోతారు, చెవి పైన అతుకు గట్టులా లేస్తుంది. మిగిలిన కొసలను నాలుగు వేళ్ళ పొడవున లోపలి కుట్లలో దూర్చి కత్తిరించు. ముడులు వేయకు, నెత్తికి గుచ్చుకుంటాయి.

పూర్తయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం కుంకుడు రసం గానీ షాంపూ గానీ వేసి, రుద్దకుండా కాసేపు నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరబెట్టు. దండెం మీద వేస్తే నీళ్ళ బరువుకు సాగుతుంది. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకు, యాక్రిలిక్‌కు వేడి తగిలితే సాగే గుణం పోయి చచ్చుబడుతుంది, మళ్ళీ బాగుపడదు. గుంట మీద తిరిగే టోపీకి వారానికొక ఉతుకు తప్పదు కాబట్టి, మొదటిది బాగా కుదిరితే అవే లెక్కలతో రెండోది మొదలుపెట్టు. అప్పుడు నీకు నచ్చిన రంగు గీత ఒకటి వేసుకో, అడ్డు చెప్పను.

ధనుర్మాసం మొదలయ్యేలోగా ఇవ్వాలంటే ఈ వారమే ఊలు తెచ్చుకోవాలి. నమూనా ఆరాక దాని పక్కన టేపు పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు, మీ నాన్న తల కొలత కూడా రాయి. అది చూసి 98 ఎక్కించాలో 110 ఎక్కించాలో నేను చెబుతాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య